సూళ్లూరుపేటలో ఒక ఎన్నిక

మన కళాశాలల్లో నాయకత్వ శిక్షణ తరగతులు జరగని నెల ఉండదు. విద్యార్థి సంఘానికి ఎన్నిక జరిగిన సంవత్సరం మాత్రం ఇప్పటి తరానికి తెలియదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఎన్నికలు 1980ల చివరలో నిలిచిపోయాయి. జె.ఎం. లింగ్డో కమిటీ సిఫార్సుల ప్రకారం వాటిని జరపాలని 2006 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించినా మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో బ్యాలట్ పెట్టె బయటికి రాలేదు. నేను డిగ్రీలో చేరిన 1990ల చివరినాటికే సీనియర్లు ఎన్నికల గురించి కథలుగా చెప్పుకునేవారు. ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. నా విద్యార్థులలో ఒక్కరైనా తమ కళాశాలలో ఓటు వేసి ఎరుగరు. నాయకత్వం గురించి మాత్రం వారికి ప్రతి సెమిస్టర్‌లోనూ ఎవరో ఒకరు ఉపన్యసిస్తూనే ఉంటారు.

ఈ వైరుధ్యం గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఇటీవల సూళ్లూరుపేటలో రెండు రోజుల పాటు జరిగిన ఒక విద్యార్థి నాయకత్వ సదస్సు అందుకు సందర్భమైంది. సంక్షేమ వసతి గృహాల్లో చదువుకుని బ్యాంకుల్లో, రైల్వేలో, బడుల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న పూర్వ విద్యార్థులు కొందరు సొంత డబ్బుతో దాన్ని నిర్వహించారు. సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు, శ్రీకాళహస్తి ప్రాంతాల వసతి గృహాల నుంచి నూట ముప్పై మంది దాకా వచ్చారు. వారిలో నలభై మంది ఆడపిల్లలు. అత్యధికులు ఎస్సీ విద్యార్థులు, కొంతమంది బీసీలు, నలుగురు యానాదులు. కల్యాణ మండపం వేదిక మీద పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే చోట అంబేడ్కర్, ఫూలే, సావిత్రీబాయి పటాలు పెట్టారు. వక్తల్లో నేనొకదాన్ని.

మొదటి రోజు ఉదయమంతా చెన్నై నుంచి వచ్చిన ఒక వ్యక్తిత్వ వికాస శిక్షకుడిది. కరచాలనం ఎలా చేయాలి, ఎదుటివారి కళ్లలోకి ఎలా చూడాలి, 'నా వల్ల కాదు' అనే మాటను ఎలా మానుకోవాలి అన్నది ఆయన పాఠం. ఆ మూడు గంటలను నేను తీసిపారేయను. తన పేరు, ఊరు చెప్పడానికి మైకు పట్టుకున్న చేయి వణికి, రెండోసారి వణకని పిల్లలను అక్కడ చూశాను. ఇంట్లో మొదటిసారి కళాశాల గడప తొక్కినవారికి అది చిన్న సంగతి కాదు. అయితే ఆ పాఠంలో ఊరు లేదు, కులం లేదు, హాస్టల్ లేదు. లోపమంతా విద్యార్థి మనసులోనే ఉన్నట్టు, దాన్ని సరిచేసుకుంటే లోకమంతా దారి ఇస్తుందన్నట్టు సాగింది.

మధ్యలో ఆయన "మీ లీడర్ ఎవరు?" అని అడిగారు. అంబేడ్కర్ అన్నారు కొందరు, అబ్దుల్ కలాం అన్నారు ఇంకొందరు, ఒక సినిమా నటుడి పేరుకు ఈలలు పడ్డాయి. వెనక వరుస నుంచి ఒక కుర్రాడు, "మా హాస్టల్లో వార్డెన్ సార్ ఎవర్ని చెబితే వాడే లీడరు సార్" అన్నాడు. హాలంతా నవ్వింది. శిక్షకుడికి ఆ నవ్వు అర్థం కాలేదు. హాస్టల్లో పెరిగినవారికి అర్థమవుతుంది. మెస్ లెక్కలకు సంతకం పెట్టేవాడు, తనిఖీకి అధికారి వచ్చినప్పుడు అంతా బాగుందని చెప్పేవాడు, ఎవరు గోడ దూకారో వార్డెన్‌కు చేరవేసేవాడు, వాడే 'లీడర్'. అతణ్ని నియమించేది పైవాడు కనుక అతను జవాబు చెప్పుకునేదీ పైవాడికే. నాయకత్వం అనే మాట మన పిల్లలకు మొదట పరిచయమయ్యే తీరు ఇది.

మధ్యాహ్నం నా వంతు వచ్చింది. ఎం.ఎస్. కోసం అమెరికా వెళ్లాలనుకునేవారు అక్కడ చాలామంది ఉన్నారు. అందుకని ఆ దేశపు కళాశాలల్లోని ఫ్రటర్నిటీలు, సొరోరిటీల గురించి మాట్లాడాను. గ్రీకు అక్షరాలు పేర్లుగా పెట్టుకునే సోదర సంఘాలు, సోదరీ సంఘాలు ఇవి. 1776లో విలియం అండ్ మేరీ కళాశాలలో పుట్టిన ఫై బీటా కప్పాతో వీటి చరిత్ర మొదలవుతుంది. ఒకే కప్పు కింద ఉండటం, ఒకే పళ్లెంలో తినడం, చదువు ముగిశాక ఒకరి ఉద్యోగానికి ఇంకొకరు సిఫార్సు చేయడం వీటి పద్ధతి. వీటికి ఏటా నాయకత్వ సదస్సులు కూడా ఉంటాయి. సభ్యత్వం దరఖాస్తు పెట్టుకున్నవారందరికీ దొరకదు; లోపలివారు ఎంపిక చేస్తేనే లోపలికి. ఇరవయ్యో శతాబ్దం మధ్య వరకూ చాలా సంఘాలు తెల్లవారికి మాత్రమే సభ్యత్వమన్న నిబంధనను కాగితం మీదనే రాసుకున్నాయి.

ఆ తలుపు బయట నిలబడినవారు ఏం చేశారన్నదే నేను చెప్పదలచుకున్న కథ. 1906 డిసెంబరులో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఏడుగురు నల్లజాతి విద్యార్థులు ఆల్ఫా ఫై ఆల్ఫాను స్థాపించారు. తెల్లవారి మధ్య ఒంటరిగా మిగిలిపోయి చదువు మానేసి వెళ్లిపోకుండా ఒకరికొకరు ఆసరాగా ఉండాలని కలిసి చదువుకోవడంతో అది మొదలైంది. తరువాతి కాలంలో మార్టిన్ లూథర్ కింగ్ అందులో సభ్యుడు. బడుల్లో జాతి విభజన చెల్లదన్న 1954 నాటి తీర్పు కోసం వాదించి, 1967లో అమెరికా సుప్రీంకోర్టుకు తొలి నల్లజాతి న్యాయమూర్తి అయిన థర్‌గుడ్ మార్షల్ కూడా అందులో సభ్యుడే. ఆ ఏడుగురినీ ఎవరూ నియమించలేదు. ఏ వార్డెనూ వారి పేర్లు చదవలేదు.

ఆడపిల్లల వైపు తిరిగి ఇంకొకటి చెప్పాను. 1913 జనవరిలో హోవార్డ్ విశ్వవిద్యాలయంలో ఇరవై ఇద్దరు విద్యార్థినులు డెల్టా సిగ్మా థీటా అనే సోదరీ సంఘం పెట్టారు. అంతకుముందు వారు ఉన్న సంఘం స్నేహాలకూ వేడుకలకూ పరిమితం కావడం నచ్చక బయటికి వచ్చినవారు వారు. రెండు నెలలు తిరగకుండానే, మార్చి 3న వాషింగ్టన్‌లో మహిళల ఓటు హక్కు కోసం జరిగిన ఊరేగింపులో నడిచారు. నల్లజాతి స్త్రీలు వరుసలో వెనక నడవాలని ఆ ఊరేగింపు నిర్వాహకులే అన్న రోజులవి. ఓటు అడగడానికి వెళ్లిన చోట కూడా వరుస ఉంది. హాల్లో ఆడపిల్లలు ఎడమ వైపు చివర, గోడ పక్కన కూర్చున్నారని అప్పుడే గమనించాను. ఆ మాట నేను అనలేదు. వారే ఒకరినొకరు చూసుకున్నారు.

మన దగ్గర ఫ్రటర్నిటీలు లేవా? ఉన్నాయి, పేరే వేరు. వాటిని మనం హాస్టల్ అంటాం. కొల్హాపూర్‌లో షాహూ మహారాజు 1901లో మరాఠా విద్యార్థుల వసతి గృహంతో మొదలుపెట్టి ఒక్కొక్క సమూహానికీ ఒక్కొక్కటి ఏర్పడేలా ప్రోత్సహించాడు. 1908లో అంటరానివారి పిల్లలకు మిస్ క్లార్క్ హాస్టల్ వచ్చింది. మన వైపు కొత్వాల్ వెంకటరామారెడ్డి చొరవతో 1918లో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ వెలసింది. తెలంగాణ ప్రజాజీవితానికి అది ఎందరినో తయారుచేసి ఇచ్చింది. కమ్మ, ఆర్యవైశ్య, వెలమ, మున్నూరు కాపు హాస్టళ్లు ఇదే బాటలో వచ్చాయి. అంబేడ్కర్ 1924లో స్థాపించిన బహిష్కృత హితకారిణి సభ తొలినాళ్లలో చేపట్టిన పనుల్లో ఒకటి, 1925 జనవరిలో షోలాపూర్‌లో హాస్టల్ తెరవడం. అన్నం, పడక, దీపం లేనివాడికి బడి ఉన్నా లేనట్టేనని ఆయనకు తెలుసు.

అయితే స్థోమత ఉన్న కులాల హాస్టల్‌కూ ప్రభుత్వ సంక్షేమ హాస్టల్‌కూ ఒక పెద్ద తేడా ఉంది. అక్కడ గది ఖాళీ చేసినా సంబంధం ఖాళీ కాదు. పూర్వ విద్యార్థి వకీలవుతాడు, గుత్తేదారవుతాడు, ఎమ్మెల్యే అవుతాడు. తన హాస్టల్ కుర్రాడి ఫోన్ ఎత్తుతాడు. ఉద్యోగం, ఇల్లు, పెళ్లి సంబంధం, పార్టీ టికెట్ అన్నీ ఆ తీగ మీదుగానే నడుస్తాయి. సంక్షేమ హాస్టల్లో చదివినవాడు బాగుపడిన వెంటనే మొదట దాచేది హాస్టల్ పేరునే. నగరంలో ఇల్లు అద్దెకు అడిగేటప్పుడు, ఆఫీసులో భోజనం డబ్బా విప్పేటప్పుడు ఆ పేరు చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు. ఆ దాపరికాన్ని తప్పుపట్టే అర్హత బయటివారికి లేదు. కానీ దాని ఫలితంగా, వేల మందిని చదివించిన ఒక వ్యవస్థకు వారసులంటూ లేకుండా పోయారు. అందుకే సూళ్లూరుపేట సదస్సు నిర్వాహకుల మీద నాకు గౌరవం. తాము ఏ హాస్టల్లో, ఏ సంవత్సరంలో ఉన్నారో వారు చొక్కాకు గుచ్చుకున్న బ్యాడ్జీ మీద రాసుకుని తిరిగారు.

అసలు కథ రెండో రోజు మధ్యాహ్నం మొదలైంది. వసతి గృహాల విద్యార్థుల సమస్యలపై ఏడాది పాటు పనిచేయడానికి ఒక కమిటీ వేయాలన్నది సదస్సు ఉద్దేశాల్లో ఒకటి. భోజనాలయ్యాక నిర్వాహకుల్లో పెద్దాయన ఒకరు కాగితం తీసి ఏడుగురి పేర్లు చదివారు. అందరూ మార్కులు బాగా వచ్చిన పిల్లలే. ఒక ఆడపిల్ల ఉంది. చప్పట్లు మొదలవుతుండగా నాయుడుపేట నుంచి వచ్చిన ఒక విద్యార్థిని లేచింది. "పొద్దున్నుంచి ఓటు గురించే చెప్పారు కదా సార్. ఈ పేర్లు ఎవరు రాశారు?" అంది. మాటలో దురుసుతనం లేదు. ముందు రోజు నవ్వించిన కుర్రాడు, "వార్డెన్ సార్" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పెద్దాయన కోప్పడలేదు. ఆయన చెప్పిన కారణాలు కొట్టిపారేయదగినవి కావు. "ఓటు పెడితే మాలలు ఒకవైపు, మాదిగలు ఒకవైపు అవుతారమ్మా. బయట జరుగుతోంది చాలదా? ఇక్కడైనా కలిసి ఉండండి" అన్నారు. ఆ భయానికి ఆధారం ఉంది. 1994 నుంచి దండోరా నడిపిన పోరాటం, 2024 ఆగస్టు 1న వర్గీకరణకు అనుకూలంగా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, నిరుడు మన రాష్ట్రంలో రెల్లి ఉపకులాలకు ఒక శాతం, మాదిగ ఉపకులాలకు ఆరున్నర, మాల ఉపకులాలకు ఏడున్నర శాతంగా వచ్చిన విభజన, ఇవన్నీ ఆ హాల్లో కుర్చీల మధ్య కూర్చునే ఉన్నాయి. వర్గీకరణ న్యాయమైనదన్నది నా అభిప్రాయం. పెద్దాయన అభిప్రాయం వేరు. ఆ చర్చను అక్కడ ఎవరూ పేరు పెట్టి ఎత్తలేదు. ఎత్తకుండానే అందరూ దాని గురించే మాట్లాడారు.

ఆయన రెండో భయం ఇంకా లోతైనది. "రోహిత్‌ను చూశాం. ఎన్నికలు, సంఘాలు ఉన్న విశ్వవిద్యాలయంలోనే కదా అట్లా జరిగింది" అన్నారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ 1993లో ఏర్పడింది. ఎవరూ నియమించని నాయకత్వాన్ని దళిత విద్యార్థులు తామే నిర్మించుకున్న చోటు అది. 2015లో దాని సభ్యులు ఐదుగురిని హాస్టల్ నుంచి బహిష్కరించడం, ఆరుబయట వారు వేసుకున్న గుడారానికి వెలివాడ అని పేరు పెట్టుకోవడం, 2016 జనవరి 17న రోహిత్ వేముల మరణించడం ఈ పాఠకులకు చెప్పనక్కర లేదు. కార్ల్ సాగన్‌లా విజ్ఞానశాస్త్ర రచయిత కావాలని కలగన్న యువకుడతడు. రాకెట్ లేచిన ప్రతిసారీ మిద్దెలెక్కి చూసే ఊళ్లో ఆ పేరు వినపడగానే హాలు నిశ్శబ్దమైంది. తన బిడ్డలాంటివాళ్లు సంతకం పెట్టి ముందు నిలబడితే ఏమవుతుందో ఊహించుకున్న మనిషి మాటలవి. వాటిని పెత్తనమని నేను అనలేను.

పాతరోజుల ఎన్నికలు పవిత్రమైనవని కూడా నేను చెప్పబోవడం లేదు. ఆ ఎన్నికల్లో కులమూ ఉండేది, కర్రా ఉండేది, గుత్తేదార్ల డబ్బూ ఉండేది. 1972 ఏప్రిల్‌లో ఉస్మానియా ప్రాంగణంలో జార్జిరెడ్డిని చంపారు. అయినా ఆ తలుపు గుండా వచ్చినవారి జాబితా చూడండి. నెల్లూరు జిల్లా పల్లె నుంచి వచ్చిన వెంకయ్యనాయుడు వి.ఆర్. కళాశాల విద్యార్థి నాయకుడు, 1973-74లో ఆంధ్ర విశ్వవిద్యాలయ కళాశాలల విద్యార్థి సంఘ అధ్యక్షుడు, చివరికి ఉపరాష్ట్రపతి. చంద్రబాబునాయుడు రాజకీయాలకు మొదటి మెట్టు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ విద్యార్థి జీవితమే. సంక్షేమ హాస్టళ్ల నుంచి విశ్వవిద్యాలయాలకు పెద్ద సంఖ్యలో దళిత, వెనకబడిన కులాల పిల్లలు చేరుకునే సమయానికి ఆ తలుపు మూసేశారు. కావాలని చేశారని నిరూపించలేను. నష్టం ఎవరికి జరిగిందో మాత్రం చూడగలను. వనరులున్న కులానికి తన హాస్టల్, తన సంఘం, తన వనభోజనం నాయకులను తయారుచేసే బడులుగా మిగిలాయి. అవి లేనివారికి వ్యక్తిత్వ వికాసం మిగిలింది.

వాదన మళ్లీ విద్యార్థుల చేతికి వచ్చింది. ఎన్నిక జరగాలన్నదానికి చేతులెత్తమంటే మూడొంతుల మంది ఎత్తారు. పెద్దాయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "సరే, పద్ధతి మీరే చెప్పండి" అన్నారు. పద్ధతి దగ్గర అసలు చిక్కు వచ్చింది. ఏడు స్థానాల్లో మూడు ఆడపిల్లలకన్నారు. దాని మీద పెద్ద రభస లేదు. ఒకటి ఎస్టీలకన్నారు, అందరూ ఒప్పుకున్నారు. ఆ ఒక్క స్థానానికి ఓటు వేసేదెవరు? హాల్లో ఉన్న నూట ముప్పై మందా, ఆ నలుగురు యానాది విద్యార్థులా?

అక్కడున్న పిల్లల్లో చాలామందికి పూనా ఒప్పందం పోటీ పరీక్షల ప్రశ్నగా తెలుసు: ఏ సంవత్సరం, ఎవరెవరి మధ్య. ఆ రోజు అది తమ సొంత తగాదాగా ఎదురైంది. నన్ను వివరించమన్నారు, వివరించాను. 1932 ఆగస్టులో ప్రకటించిన కమ్యూనల్ అవార్డు అణగారిన వర్గాలు తమ ప్రతినిధులను తామే ఎన్నుకునే ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. గాంధీ నిరాహార దీక్ష తరువాత సెప్టెంబరు 24న కుదిరిన ఒప్పందంలో స్థానాలు 148కి పెరిగాయి. ఓటు మాత్రం అందరిదీ అయింది. అయితే ఆ ఒప్పందంలో ఒక ఏర్పాటు ఉంది: ముందుగా అణగారిన వర్గాల ఓటర్లే ప్రతి స్థానానికీ నలుగురిని ఎన్నుకోవాలి, ఆ నలుగురిలో ఒకరిని అందరూ కలిసి ఎన్నుకోవాలి. స్వతంత్ర భారతంలో ఆ మొదటి మెట్టు లేకుండా పోయింది. స్థానం మనది, టికెట్ ఇచ్చేవారు వేరు. సూళ్లూరుపేట శాసనసభ స్థానం ఎస్సీలకు రిజర్వు అయినది కనుక, దీనికి ఉదాహరణల కోసం పిల్లలు దూరం వెళ్లవలసిన పని లేకపోయింది.

ఇంతలో ఆ నలుగురూ బయటికి వెళ్లి వేపచెట్టు కింద మాట్లాడుకుని వచ్చారు. "మా సీటుకు మేమే ఓటేసుకుంటాం" అన్నారు. అంతే. ఉపన్యాసం లేదు. హాల్లో అలజడి రేగింది. "మేమంతా మీ కోసమే కదా అన్నా, ఎందుకు వేరు చేసుకుంటారు?" అని ఒకతను నిజంగానే నొచ్చుకుని అడిగాడు. ఆ మాట నేను ఇంతకుముందు చాలా వేదికల మీద విన్నాను. అగ్రకుల మిత్రులు దళితులతో అనగా విన్నాను. దళిత విద్యార్థి నోట యానాది విద్యార్థితో అది రావడం ఆ రోజే మొదటిసారి.

యానాదులకు ఆ మాట కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్‌లోని పెద్ద గిరిజన సమూహాల్లో వారిదొకటి. పులికాట్ సరస్సు, కాళంగి నది, సముద్రం మధ్య ఉన్న ఈ నేలలో వారు పాతకాపులు. శ్రీహరికోట దీవి అడవిలో బతికిన కుటుంబాలు అంతరిక్ష కేంద్రం వచ్చినప్పుడు తమ చోటు కోల్పోయాయి; 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి తొలి రోహిణి రాకెట్ ఎగిరింది. దేశానికి ఆ కేంద్రం ఏమిచ్చిందో నాకు తెలుసు, నా ఊరివారిగా గర్వమూ ఉంది. ఆ గర్వపు లెక్కలో వారి పద్దు ఎక్కడా కనపడదు. వారి పక్షాన పనిచేసినవారు లేకపోలేదు. నెల్లూరు సీమకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల కోసం సంఘం నడిపారు, 1962లో వారిపై ఒక గ్రంథం ప్రచురించారు. గౌరవించదగిన సేవ అది. కానీ యానాదుల గొంతుగా ఊరికి, ప్రభుత్వానికి చిరకాలం వినిపించింది యానాది కాని వ్యక్తి గొంతే. 1917 నవంబరులో బెజవాడ సభకు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షత వహించినప్పుడు పంచములన్న పేరు తీసేసి ఆది ఆంధ్రులమని ప్రకటించుకున్న చరిత్ర దళితులకు ఉంది. తమ పేరును, తమ ప్రతినిధిని తామే నిర్ణయించుకోవడంలోని తేడా వారికి ఎవరూ నేర్పనక్కర లేదు. పక్కవారి విషయంలో దాన్ని గుర్తుచేసుకోవడానికే కొంత సమయం పట్టింది.

ఈలోగా మరో గడియారం నడుస్తోంది. ఆడపిల్లల హాస్టళ్ల గేటు సాయంత్రం ఆరు గంటలకు మూస్తారు. నాయుడుపేట బస్సు అందాలంటే నాలుగున్నరకు బయలుదేరాలి. సన్మానాలు పూర్తయ్యాక తీరిగ్గా ఓట్లు లెక్కిద్దామన్నారు నిర్వాహకులు. "మేం లేకుండా లెక్కపెడితే ఒప్పుకోం" అని నలభై మందీ లేచి నిలబడ్డారు. శాలువాలు కప్పించుకోవలసిన వారిలో నేనూ ఒకదాన్ని. ఆ శాలువాలు సంచిలోనే ఉండిపోయాయి. ఎవరికీ నష్టం కలగలేదు.

చివరికి ఎస్టీ స్థానంపై చేతులెత్తే ఓటు పెట్టారు. ఆ నలుగురే ఎన్నుకోవాలన్నవారు అరవై ఎనిమిది మంది, అందరూ కలిసి ఎన్నుకోవాలన్నవారు యాభై ఒక్కరు. మిగతావారు చేతులెత్తలేదు. నోటుపుస్తకాల కాగితాలు చింపి చీటీలు చేశారు, ఖాళీ స్వీటు డబ్బా పెట్టె అయింది. ఆరు స్థానాల లెక్కింపును ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు వేదిక మీదే చేశారు. పెద్దాయన జాబితాలోని ఏడుగురిలో ముగ్గురు గెలిచారు. గెలిచిన ఆరుగురిలో మాలలు, మాదిగలు, ఒక బీసీ ఉన్నారు. ఆయన భయపడినట్టు హాలు రెండుగా చీలలేదు. చీలదని ముందుగా ఎవరూ హామీ ఇవ్వలేకపోయేవారు, రేపు చీలదనీ ఇవ్వలేరు. ప్రశ్న అడిగిన నాయుడుపేట విద్యార్థిని మూడు ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఆమె ముఖంలో నిరాశ కనపడింది. గెలిచినవారి పేర్లు బోర్డు మీద రాసింది మాత్రం ఆమే.

యానాది విద్యార్థులు తమలో చిన్నవాణ్ని, పాలిటెక్నిక్ మొదటి సంవత్సరం చదువుతున్న కుర్రాణ్ని ఎన్నుకున్నారు. రెండు రోజుల్లో అతను మైకు పట్టుకున్నది శిక్షకుడి తరగతిలో పేరు చెప్పడానికే. అందరూ నాలుగు మాటలు చెప్పమన్నారు. తన సంఘంలో పదో తరగతి దాకా వచ్చిన ఇంకో ముగ్గురు ఉన్నారని, పుట్టిన తేదీ కాగితం లేక ఆధార్ సరిగా రాలేదని, ఆధార్ లేక కులధ్రువీకరణ పత్రం రాలేదని, అది లేకపోతే హాస్టల్లో చేర్చుకోరని చెప్పాడు. "వాళ్లను ఈ జూన్‌లోపల చేర్చాలి" అని కూర్చున్నాడు.

కమిటీ ఆ సాయంత్రం వేదిక మెట్ల మీద కూర్చుని వినతిపత్రం రాసింది. ఆడపిల్లల సభ్యులు ముగ్గురిలో ఇద్దరు బస్సుకు వెళ్లిపోవలసి రావడంతో ఫోన్‌లో మాట్లాడుతూ రాయించారు. మెస్ చార్జీల బకాయిలు, ఆడపిల్లల గేటు వేళలు, పరీక్షల సమయంలో రాత్రి పది దాకా చదువుకునే గది, హాస్టల్ లీడర్‌ను వార్డెన్ నియమించకుండా విద్యార్థులే ఎన్నుకోవడం అందులోని కోరికలు. ధ్రువీకరణ పత్రాల సంగతి మొదటి చిత్తుప్రతిలో ఐదో అంశంగా ఉంది. జూన్ గడువు ఉన్నది దానికొక్కదానికే కదా అని బస్సులోంచి ఒకమ్మాయి అడిగింది. దాన్ని ఒకటో అంశంగా మార్చి, సోమవారం ఉదయం తహసీల్దారు కార్యాలయానికి ఎవరెవరు వెళ్లాలో పేర్లు రాసుకున్నారు.